స్టేజీ స్టేజీకీ ఆగే బండి

నీళ్ళు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా తెలియడానికి చప్టా మొదట్లో ఉన్న కిలోమీటరు రాయిని గురుతు పెట్టుకుని కూర్చున్నాను, రాయి నెత్తి ఒక్కటే కనబడుతోంది, అంకెలు మునిగి ఉన్నాయి, అంకెలు తేలాయంటే దాటొచ్చు, ఈ రాళ్ళవాగు సంగతి నాకు ఒకరు చెప్పాలా, ఎన్ని వానాకాలాలు దీని ఒడ్డున బస్సు ఆపుకుని ఇలాగే స్టీరింగు మీద గడ్డం ఆనించి కూర్చున్నాను, కాకపోతే అప్పుడు వెనక బస్సు నిండా జనం ఉండేవాళ్ళు, "పోనియ్ సారూ, ఏం గాదు" అని ఎగదోసే మొనగాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ మాట చెవిన పడనట్టు నేను వక్కపలుకు నములుతూ రాయినే చూస్తుండేవాణ్ణి. ఇప్పుడు వెనక ఉన్నది శవం. శవానికి తొందరేమిటని అందరూ అనుకుంటారు గానీ ఉంటుంది, పొద్దు గూకేలోపు తండా చేరాలి, చేరకపోతే బండి తిప్పుకుని మళ్ళీ పాల్వంచ దాకా పోవాలి, దేవ్‌సింగ్ ఇంకో రాత్రి ఇంటికి దూరంగా పడుకోవాలి, అతని ఛాతీ మీద చెయ్యి వేసి పక్క బెంచీ మీద కూర్చున్న అతని భార్య జమ్లి ఇంకో రాత్రి అలాగే కూర్చోవాలి. ఇది మా చర్చి వాళ్ళ అంతిమయాత్ర బండి. నేను షాలేమ్‌రాజును. ఆర్టీసీలో డ్రైవరుగా ఎప్పుడో రిటైరయ్యాను, ఈ బండికి డ్రైవరుగా ఈ పూట రిటైరవుతున్నాను. దేవ్‌సింగ్‌ను ఇల్లు చేర్చి ఖమ్మం పోగానే తాళాలు మా సంఘ పెద్ద అంతోనయ్య చేతిలో పెట్టేస్తాను. పొద్దున మా ఆవిడ విశ్రాంతమ్మకు మాట ఇచ్చాను.

వైపరు ఒకటే తిరుగుతోంది, అదీ నా వైపుది కాదు, అంతోనయ్యకు చెప్పి కొత్త బ్లేడు వేయించాలి అనుకున్నాను, అంతలోనే నాకెందుకు, వచ్చే డ్రైవరు చూసుకుంటాడులే అనుకున్నాను, ఈ నాకెందుకు అనే మాట చేదుగా తగిలింది. రిటైరైన రోజు కూడా ఇదే చేదు. డిపోలో శాలువా కప్పారు, దండ వేశారు, ఒక్క యాక్సిడెంటు లేని డ్రైవరని మైకులో చెప్పారు, చివరికి ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు, డ్యూటీ దిగిపోయినవాడికి గడియారం ఎందుకో ఇచ్చినవాళ్ళకే తెలియాలి. దాన్ని హాల్లో తగిలించాం, దాని కింద కూర్చోవడం నా డ్యూటీ అయింది. చీకటి ఉండగానే మెలకువ వచ్చేది, ఫస్ట్ బస్సు తీసే వేళ అది, మంచం మీద పడుకునే కుడికాలితో బ్రేకు తొక్కేవాణ్ణి, విశ్రాంతమ్మ నిద్రలోనే "ఎవరడ్డమొచ్చిన్రయ్యా, గేదెనా, మనిషా?" అని అడిగేది, నాకు నవ్వొచ్చేది, నవ్వు అయిపోయాక పైకప్పు చూస్తూ పడుకునేవాణ్ణి. వైరాలో ఉండే మా అమ్మాయి మహిమ ఫోన్ చేసి "వాకింగ్ చెయ్యి డాడీ" అనేది, చేశాను, చర్చి కాంపౌండు చుట్టూ తిరిగాను, ఎక్కినచోటే దిగే ప్రయాణం నాకు అర్థం కాలేదు. కరివేపాకు తెమ్మంటే ఒకసారి, నిమ్మకాయ తెమ్మంటే ఒకసారి, కావాలనే విడివిడిగా పోయి తెచ్చేవాణ్ణి. ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్ పనికి పోయి కుర్చీలో కూర్చోలేక వచ్చేశాను. మనిషిని ఎవరూ ఏమీ అనరు, అన్నం పెడతారు, చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తారు, కానీ చేతులున్నాయి చూడండి, అవి ఊరుకోవు, కూరగాయల సంచీ పట్టుకున్నా స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునేవి.

రాయి నెత్తి కింద సన్నగా ఒక తడి గీత కనబడుతోంది, అంటే కొంచెం దిగినట్టే, లేకపోతే నా కళ్ళకు అలా కావాలేమో. వెనక కోడి కొక్కొక్కో అంది. శవాల బండిలో కోడి ఏమిటని ఎవరైనా చూస్తే నవ్వుతారు, నా తప్పే, నేను బస్సు ఆపినట్టు బండి ఆపాను, ఎక్కారు. ఈ తప్పు ఇవాళ్టిది కాదు, ఈ బండి చేతికొచ్చిన మొదటి రోజుదే. ఆ రోజు మా చర్చిలో ముందు వరసలో కూర్చుని పాడే ముసలాయన పోతే ఎర్రుపాలెం దగ్గర వాళ్ళ సొంతూరికి తీసుకుపోవాలి, బండి డ్రైవరు పని మానేసి పోయాడని అప్పుడే తెలిసింది, అంతోనయ్య గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి ముఖం చూస్తూ నా దగ్గర ఆగాడు. "షాలేమన్నా, జర బండి తీస్తవా?" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను, సీటు ముందుకు జరుపుకున్నాను, అద్దం సర్దుకున్నాను, గేరు వేశాను, అప్పుడు తెలిసింది, రిటైరైన నాటి నుంచి నా చేతులు ఎంత అల్లాడిపోయాయో, అవి ఊరుకున్నాక తెలిసింది. చచ్చిపోయిన మనిషిని వెనక పెట్టుకుని సంతోషపడుతున్నానే అని సిగ్గేసింది కూడా. సంతోషం మాత్రం సంతోషమే, దాన్ని ఇంకో పేరుతో పిలవలేను.

ఆ సంతోషంలోనే తప్పు చేశాను. బోనకల్లు దాటాక రోడ్డు పక్కన నలుగురు గొడుగులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒకాయన చెయ్యి ఎత్తాడు, అంతే, నా కాలు నన్ను అడగలేదు, ఎడమ పక్కకు తీసి, మెత్తగా బ్రేకు తొక్కి, తలుపు సరిగ్గా వాళ్ళ ముందుకు వచ్చేటట్టు ఆపాను. వెనక నుంచి చనిపోయినాయన బామ్మర్ది అరిచాడు. "ఏందయ్యా, గిది బస్సనుకున్నవా? శవం పెట్టుకొని స్టేజీల కాడ ఆపుతున్నవ్!" రోడ్డు మీది వాళ్ళు బండి పక్కన సిలువ బొమ్మ చూసి వెనక్కి గెంతారు. నేను తల దించుకుని పోనిచ్చాను, ఆ తరవాత వైరా ట్రిప్పులో కూడా స్టేజీ కనబడినప్పుడల్లా కుడికాలు ఎడమకాలితో తొక్కి పట్టుకోవాలన్నంత కంగారు. ఆ మొదటి రోజు ఇంటికి వచ్చి విశ్రాంతమ్మకు చెబితే నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "నువ్వు పరలోకం పొయ్యే బండిని గూడ స్టేజీ స్టేజీకి ఆపుతవయ్యా" అంది. తరవాత నవ్వు ఆగిపోయింది, చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది, ఏరడానికి ఏమీ లేని సన్నబియ్యం అవి. అప్పుడు అంది, ఆ బండి వద్దు అని.

శవాలకు భయపడి అనలేదు, అలాంటి మనిషి కాదు, కాలనీలో ఎవరు పోయినా ముందు ఈమెనే పిలుస్తారు, స్నానం చేయించడానికి, చీర కట్టడానికి, బోరుమనే వాళ్ళను పట్టుకోవడానికి. "తప్పు పనని గాదు నేననేది," అంది, "నైట్ హాల్ట్, నైట్ హాల్ట్ అనుకుంట నువ్వు ఏ అడవిల పన్నవో నాకెరుక లేదు. పిల్ల పుట్టినప్పుడు నువ్వు లేవు. మా అమ్మ పోయిన్నాడు నువ్వు లేవు. దేవుని దయతోని రిటైరైనవ్, గిప్పుడన్న ఇంట్ల ఉండు. నాకు నువ్వు గావాలె, నీ జీతం గాదు." ఇంత పొడుగు మాట ఆమె మాట్లాడటం నేను వినలేదు. నిజమే కదా, సంసారంలో సగం రాత్రులు అడవికి ఇచ్చి వచ్చినవాణ్ణి, మిగిలినవి కూడా అడిగితే ఎట్లా. అయినా లోపల ఒకటి మొండికేసింది, నాకు ఈ పని కావాలి, దీంతో నేను మళ్ళీ మనిషినయ్యాను, ఇది మానేస్తే ఆ గడియారం కిందికే. ఆమెకు నేను కావాలి, నాకు పని కావాలి, రెండూ తప్పు కాదు, ఒక ఇంట్లో పట్టడం లేదు. వారం రోజులు గుంజుకుని గుంజుకుని, చివరికి ఇవాళ పొద్దున ఫోన్ వస్తే, ఇదొక్కటి చేసి ఇచ్చేస్తానే, నీ మీద ఒట్టు అన్నాను. సంఘంలో ఒట్లు పెట్టుకోకూడదంటారు, అయినా పెట్టాను.

పొద్దున ఆమె ఒక మాట అడిగింది, ఎందుకు అడిగిందో ఇప్పటికీ తెలియలేదు, ఇక్కడ ఖాళీగా కూర్చుంటే గుర్తొస్తోంది. టిఫిను సంచీ సర్దుతూ, వెనక్కి తిరగకుండానే, "ఎనక బెంచీల మీద ఎంతమంది పడ్తరు?" అంది. నాకు అప్పటికే మనసు బాగాలేదు. "ఎంతమంది పడితె ఏంది, తాళాలు ఇచ్చేస్తున్న గదా" అని కసిరాను. సంచీ తెచ్చి నా సీటు పక్కన పెట్టింది. మామూలు కన్నా బరువుగా ఉంది, పట్టించుకోలేదు, ఇంకా విప్పలేదు, ఖమ్మం నుంచి ఆకలి గుర్తుకు రాలేదు. దవాఖానాలో శవాన్ని ఎక్కించేటప్పుడు దేవ్‌సింగ్ అని పేరు చెప్పారు, ఎంతమంది దేవ్‌సింగులు లేరు, ముఖం మీద గుడ్డ కప్పి ఉంది, తోడు వచ్చిన అల్లుడు వరస కుర్రవాడు తండాలో ఏర్పాట్లు చూడాలని మోటారుసైకిల్ మీద ముందే పోయాడు, మిగిలింది ఒక్క ఆడమనిషి. ఆమె వెనక ఎక్కబోతూ నన్ను చూసి ఆగింది. "నువ్వు మా బస్సు సారువే గదా," అంది. "మా ఆయనే సారూ. నీ బస్సెనక నిలబడి రానీ, రానీ అంటుండె."

దేవా! రానీ దేవ్‌సింగ్. అప్పుడు గుడ్డ తీసి చూశాను.

ఈ వాగు అవతల తండా మా ఆఖరి స్టేజీ, సాయంత్రం పోయి, రాత్రి అక్కడే ఆగి, తెల్లవారుజామున తిరిగి బయలుదేరే బస్సు నాది. తండాలో బస్సు తిప్పుకునే చోటు ఎంత ఇరుకంటే ఒక పక్క బావి, ఒక పక్క పశువుల కొట్టం, రివర్సులో ఒక్క మూర అటూ ఇటూ అయితే వెనక చక్రం బావిలోకే. మొదటి రోజు నేను చెమటలు కక్కుతుంటే చీకట్లో వెనక నుంచి ఒక దెబ్బ, రేకు మీద అరచేతి దెబ్బ, "రానీ... రానీ... రానీ... బస్!" ఆగాను. దిగి చూస్తే బావి గట్టుకూ టైరుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. అలా రోజూ, ఎవరు చెప్పారని కాదు, ఎవరో ఇచ్చిన ఉద్యోగం కాదు, బస్సు చప్పుడు వినగానే కంచం ముందు నుంచి లేచి వచ్చేవాడు, వానొచ్చినా, జ్వరమొచ్చినా, నేను లీవులో ఉండి వేరే డ్రైవరు వచ్చినా. అద్దాల్లో చూడటం మానేశాను, ఆ గొంతును బట్టే వెనక్కి పోయేవాణ్ణి. నాకు యాక్సిడెంటు లేదని మైకులో చెప్పినప్పుడు ఈ మనిషి పేరు చెప్పాలనిపించలేదు నాకు, అసలు గుర్తే రాలేదు. ఒకే ఒక్కసారి ఒక కోరిక అడిగాడు, "సారూ, నీ సీట్ల ఒక్కపారి కూసుంట" అన్నాడు. కూర్చున్నాడు, స్టీరింగు పట్టుకున్నాడు, హారను మాత్రం ముట్టుకోలేదు, అడవి వైపు కాసేపు చూసి, చాలు అని దిగాడు. తన పని తనకుందని తెలిసిన మనిషి ముఖం అది, అప్పుడు నాకు అది తెలియదు, ఇప్పుడు తెలుస్తోంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా జమ్లి ఒక్క మాట మాట్లాడలేదు, ఏడవలేదు, వెనక అంత పెద్ద నిశ్శబ్దం పెట్టుకుని బండి నడపడం నా వల్ల కాలేదు, అద్దంలో చూస్తే చెయ్యి అతని ఛాతీ మీద, కళ్ళు ఎక్కడో. పాల్వంచ దాటి అడవి రోడ్డు ఎక్కాక నా పాత రూటు, ప్రతి మలుపూ నాదే, సబ్‌స్టేషన్ స్టేజీ దగ్గర రేకుల షెడ్డు కింద ఎవరో లేచి నిలబడ్డారు, అంతే, నా పాడు కాలు. బండి ఆగింది. ఆగిన సంగతి నాకు తెలిసేలోపు వెనక తలుపు తెరుచుకుంది, ఒక ముసలామె, ఒక చంకన కోడి ఉన్న బుట్ట, ఇంకో చేత్తో ఆధార్ కార్డు పైకెత్తి పట్టుకుని, ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, "కండక్టరేడి?" అంటూ ఒక కాలు లోపల పెట్టేసింది. దిగి పరిగెత్తాను. "పెద్దమ్మా, గిది బస్సు గాదు, లోపల శవమున్నది!" ఆమె స్ట్రెచర్ వైపు చూసింది, జమ్లి వైపు చూసింది, నా వైపు తిరిగింది, ఇక తిడుతుంది, ఎర్రుపాలెం బామ్మర్ది లాగే తిడుతుంది అనుకున్నాను. తిట్టింది. "ఆడమనిషి ఒక్కతే కూసున్నదేందిరా? తోడు ఎవ్వర్ని ఎక్కియ్యలేదా? బుద్ధున్నదా నీకు?" అని తిట్టి, ఎక్కి, కోడి బుట్ట బెంచీ కిందికి తోసింది. "భయం గాదా పెద్దమ్మా?" అన్నాను. "ఎందుకు, ఆయనేమన్న టికెట్ అడుగుతడా?" అంది. పేరు భారతమ్మట, వాగుకు ఇవతలి గూడెం. జమ్లి పక్కన ఆనుకుని కూర్చుని, "ఎట్లయిందమ్మా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చింది జమ్లి, ఖమ్మం నుంచి పట్టుకున్నదంతా ఏడ్చింది, వాళ్ళ భాషలో అతన్ని పిలిచి పిలిచి ఏడ్చింది, భారతమ్మకు ఆ భాష ఒక్క ముక్క రాదు, అయినా అవ్, అవ్ అంటూ వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ తరవాతి స్టేజీల దగ్గర నా కాలు మరిచిపోయి ఆగలేదు, నేనే ఆపాను. చెక్‌పోస్టు దగ్గర ఆశా వర్కర్ కవిత ఉంది, "దేవ్‌సింగ్ పోయిండమ్మా, పోతున్నం" అంటే "అయ్యో, మొన్ననే బీపీ సూసిన" అంటూ ఎక్కింది. పోడు చేల నుంచి వస్తున్న ఇద్దరు మగవాళ్ళు, రానీ దేవ్‌సింగా అని అడిగి ఎక్కారు, వాళ్ళ ఊరు దాటిపోయినా దిగలేదు, మట్టి అయ్యేదాకా ఉంటామన్నారు. ఒక్క మనిషితో బయలుదేరిన బండి ఇప్పుడు మాటలతో నిండి ఉంది, వాళ్ళు అతని గురించి మాట్లాడుతున్నారు, బస్సుకు రానీ చెప్పి చెప్పి ఎడ్లకు కూడా రానీ అనేవాడని ఒకాయన అన్నాడు, జమ్లి ఏడుస్తూనే నవ్వింది. నేను ఇక్కడ కూర్చుని వింటున్నాను. ఇన్నాళ్ళూ నేను చేసింది బస్సు నడపడం అనుకున్నాను, కాదు, దారి పొడుగునా మనుషులను ఒకచోట చేర్చడం, అది రిటైరు అవలేదు నాలో. కాలు చేసింది తప్పు కాదు. దానికి నాకన్నా ముందే తెలుసు.

రాయి మీద అంకెల నెత్తులు కనబడుతున్నాయి. వాన సన్నబడింది. వెనక కోడి మళ్ళీ అరిస్తే భారతమ్మ దాన్ని కసిరి, "సారూ, తాగనీకి నీళ్ళేమన్న ఉన్నయా, ఈమె గొంతు పీక్కపోయింది" అంది, సంచీ అందుకుని విప్పాను. నీళ్ళ సీసా పైనే ఉంది. దాని కింద మా చర్చి స్త్రీల కూడికలో చాయ్ పోసే పెద్ద ఫ్లాస్కు. దాని పక్కన ఒకదాంట్లో ఒకటి పెట్టి గుడ్డ చుట్టిన స్టీలు గ్లాసులు, తీస్తుంటే వస్తూనే ఉన్నాయి, మా ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ, మహిమ పెళ్ళికి ఎవరో పేరు కొట్టించి ఇచ్చినవి కూడా, అడుగున బిస్కెట్ ప్యాకెట్లు. శవంతో ఒకరో ఇద్దరో వస్తారని పొద్దున చెప్పాను కదా, ఇన్ని గ్లాసులేమిటి అని తెల్లబోయి చూశాను, తరవాత ఆమె గొంతు చెవిలో వినబడింది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన గొంతు, నువ్వు ఆపకుండ ఉంటవా అని. వద్దన్న మనిషే సర్దింది. తాళాలు ఇచ్చేయమన్న మనిషే, నేను స్టేజీ స్టేజీకీ ఆపుతానని, ఎక్కినవాళ్ళకు చలి వేస్తుందని, చాయ్ కాచి పంపింది. కళ్ళు మండాయి, తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని, చాయ్ పోసి గ్లాసులు వెనక్కి అందించాను.

జమ్లి మొదట పుచ్చుకోలేదు. "శవం లేసేదాక ఇంట్ల ఏం ముట్టుకోరు గదా" అంది. "ఇల్లు ఇంక రాలే గదనే, వాగుకు ఇవుతల్నే ఉన్నం, తాగు" అని భారతమ్మ గ్లాసు చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. తాగింది. వెచ్చగా తాగి, గ్లాసు మీది పేరు వేలితో తడిమి, చదవడం రాదు ఆమెకు, "గీ చాయ్ ఎవరు పెట్టిన్రు సారూ?" అని అడిగింది. "మా ఇంటామె." "గామె ఏది మరి?" "ఇంటికాడ ఉన్నది." జమ్లి నా ముఖం చూసింది, కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. "ఎందుకు తోల్కరాలే? గామె ఉంటె ఖమ్మం కాన్నుంచి నా పక్కన కూసుండేది గదా." ఎనక బెంచీల మీద ఎంతమంది పడ్తరు. పొద్దున విశ్రాంతమ్మ అడిగింది అదీ. చోటుందా అని అడిగింది, నన్ను తీసుకుపో అని నోరు తెరిచి అడగలేదు, నేను కసిరాను. ఇన్నేళ్ళు ఈ అడవిలో పడుకున్నాను, ఒక్కసారి ఈ వాగు చూపించలేదు ఆమెకు, తండా చూపించలేదు, రానీ దేవ్‌సింగ్‌ను చూపించలేదు. ఆమెకు నేను కావాలి, నాకు పని కావాలి, ఇంట్లో పట్టకపోతే బండిలో పడతాయి కదా రెండూ. ఏడ్చే ఆడవాళ్ళ పక్కన కూర్చోవడం ఆమెకు వచ్చినట్టు ఎవరికి వచ్చు. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు వాగు అడ్డం రావాల్సి వచ్చింది.

అవతలి నుంచి ట్రాక్టరు చప్పుడు. ముందే పోయిన కుర్రవాడు తండా మగవాళ్ళను ట్రక్కులో ఎక్కించుకుని చప్టా మీదికి వస్తున్నాడు, నీళ్ళు పెద్ద చక్రం సగానికి కూడా లేవు, నేను రాయి వైపు చూశాను, అంకెలు తేలి ఉన్నాయి, మాటల్లో పడి గమనించలేదు. ట్రాక్టరు ఇవతలికి వచ్చి నా ముందు ఆగింది. "సారూ, శవాన్ని ట్రక్కుల ఎక్కించుకుంటం," అన్నాడు కుర్రవాడు దిగి, "అవుతల దారంతా బురద, నీకెందుకు తిప్పలు, నువ్వు ఇటునుంచిటే ఎనక్కి పో, జల్దీ ఇల్లు జేరుతవ్." న్యాయమైన మాటే. అవునంటే ఇక్కడితో అయిపోతుంది, తాళాలు, ఒట్టు, గడియారం, అన్నీ మామూలే. నోరు తెరిచాను, ఏమనబోయానో నాకే తెలియదు. వెనక తలుపు దగ్గర నుంచి జమ్లి అంది, గట్టిగా కాదు. "ట్రాక్టర్ల ఒద్దు. ఆయన బస్సుల్నే వస్తడు."

బస్సు అంది.

ఎవరూ ఎదురు చెప్పలేదు. కాకపోతే ట్రాక్టరు తిరగాలంటే చోటు కావాలి, రెండు పక్కలా కాలవ, నేను వెనక్కి పోయి మలుపు దగ్గర సందు ఇస్తేనే అది తిరిగి మా ముందు నడుస్తుంది. రివర్సు గేరు వేశాను. అద్దాల నిండా ఆవిరి, తుడిచినా ఏమీ కనబడటం లేదు, కాలు క్లచ్ మీద పెట్టి కూర్చుని ఉన్నాను, దేనికోసం ఆగానో కాసేపటికి తెలిసింది, దెబ్బ కోసం. వెనక రేకు మీద అరచేతి దెబ్బ పడాలి, పడితే తప్ప నా కాలు లేవదు, కొట్టే చెయ్యి లోపల గుడ్డ కింద ఉంది. వెనక తలుపు తీసి ఎవరో దిగిన చప్పుడైంది. అప్పుడు పడింది దెబ్బ. "రానీ..." అతని గొంతు కాదు, ఆడగొంతు, వణుకుతోంది, కానీ సాగదీయడం అచ్చం అతనిదే, రోజూ గుడిసె గుమ్మంలో నిలబడి విన్న మనిషి కదా, "రానీ... రానీ..." నేను వదిలాను క్లచ్, అద్దం చూడలేదు, ఆ గొంతును బట్టే వెనక్కి పోయాను, మలుపు వచ్చింది, గొంతు విరిగింది, విరిగిన గొంతుతోనే "బస్!" అంది. ఆపాను. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను, ఎవరు చూస్తే ఏం.

ట్రాక్టరు తిరిగింది, నీళ్ళలోకి దిగింది. జమ్లి తడిసిన చెంగు పిండుకుని ఎక్కి మళ్ళీ అతని పక్కన కూర్చుంది, భారతమ్మ గూడెం వాగుకు ఇవతలే, దిగమంటే దిగలేదు, "ఇంత దూరం వచ్చి నడుమల దిగుతనా" అంది. తలుపు వేసి వెనక రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. "రైట్, రైట్! పోనియ్!" మొదటి గేరు వేశాను. ట్రాక్టరు జాడలోనే మెత్తగా పోనిస్తున్నాను, నీళ్ళు చక్రాలకు కొట్టుకుంటున్నాయి, చేతులు స్టీరింగు మీద నిమ్మళంగా ఉన్నాయి. అంతోనయ్యకు వైపరు బ్లేడు సంగతి చెప్పాలి. అంతకన్నా ముందు, ఇంటికి పోగానే, గడపలో చెప్పులు విప్పకముందే, విశ్రాంతమ్మ పొద్దున అడిగినదానికి జవాబు చెప్పాలి. బెంచీ మీద అందరూ కొంచెం జరిగితే ఇంకొకరు పడతారే అని చెప్పాలి.